పాఠం చెప్పబోయే ముందు

(బరంపురంలో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)

 మీ అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు.

సంవత్సరం పేరు విని ఎవరూ జంకవద్దు. అరవై ఏండ్లకొకసారి తిరిగివచ్చే పేరు అది. క్రిందటి పరాభవ 1966లో వచ్చింది. ఆ ఏడు వేసవి సెలవులు కాగానే మా నాయనగారు మమ్మల్ని చేయి పట్టుకొని తీసుకువెళ్లి తెలుగు బడిలో కూర్చోబెట్టినారు. ఆ సంవత్సరం మాకు అక్షరాలు ఇచ్చిందే గాని అవమానమేమీ తేలేదు. ఈ పరాభవ కూడా మన పిల్లలకు అట్లాగే మేలు చేయాలని కోరుకొంటున్నాము. ఉగాది పచ్చడి తిన్న నోటితో మాట్లాడుతున్నాము కనుక మా మాటలలో తీపితోపాటు కొంచెం వేపపువ్వు కూడా తగులుతుంది. మన్నించండి.

కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మన కుటుంబాల పిల్లలు కొందరు ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని ఉద్యోగానికి సిద్ధమవుతున్నారు. వారికి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ముప్పైయారేండ్లు సుద్దముక్క పట్టిన చేయి కదా, కాదనలేకపోయినాము. అయితే నాలుగు మాటలు మా వద్ద లేవు. ఒక్క మాటే ఉన్నది. పిల్లవానికి మన మాట నేర్పేముందు పిల్లవాని మాట మనం నేర్చుకోవాలి. ఈ సంగతి మాకు శిక్షణాలయంలో ఎవరూ చెప్పలేదు. ఒక పిల్లవాడు చెప్పినాడు. చెప్పటం కూడా కాదు, మాట్లాడటం మానివేసి నేర్పినాడు. అతని సంగతికి వస్తాము.

అంతకుముందు, ఈ ఉద్యోగానికి మనవాళ్లు ఎందుకు రావాలో చూద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అందులో చేరినవి. మనలో కొందరి పెద్దలు కదలకుండా ఉన్న ఇంట్లోనే ఉండి వేరే రాష్ట్రంవాళ్లయినారు. మరికొందరి పెద్దలు వర్తకం కోసం, రైల్వే పని కోసం తరువాత వచ్చి స్థిరపడినారు. ఏవిధంగా వచ్చినా మన పిల్లలకు తెలుగు చదువు కావలసివచ్చింది. 1949లో జరిగిన విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది. ఒక భాష మాట్లాడే పిల్లలు తరగతిలో పదిమందిగాని, బడి మొత్తంమీద నలభైమందిగాని ఉంటే వారి భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నారు. 1956లో రాజ్యాంగానికి చేసిన 7వ సవరణతో 350-ఏ అధికరణం చేరింది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించటానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం.

ఈ పది, నలభై లెక్కలో ఒక మెలిక ఉన్నది. పిల్లలు పదిమంది ఉండి పంతులు లేడనుకోండి. తల్లిదండ్రులు ఏండ్ల తరబడి ఎదురుచూడరు. ఇద్దరు ముగ్గురు పిల్లలను పక్క బడికి పంపిస్తారు. పదిమంది ఏడుగురవుతారు. ఆ తరువాత పంతులు కావాలని వెళ్లి అడిగితే, "ఏడుగురికి పంతులెందుకు?" అంటారు. పంతులు లేక పిల్లలు పోయినారా, పిల్లలు లేక పంతులు పోయినాడా అని తేల్చి చెప్పటానికి చివరకు ఎవరూ మిగలరు. 1984లో మేము చేరిననాడు మా బడిలో తెలుగు తరగతుల పిల్లలు అరవైముగ్గురు. మేము పదవీ విరమణ చేసిననాడు పందొమ్మిదిమంది. కాలం మారింది, ఇంగ్లీషు బడులు వచ్చినవి, అవన్నీ నిజమే. అయినా అందులో మా వాటా ఎంత అని మేము చాలాసార్లు లెక్క వేసుకొన్నాము.

ఇక ఉద్యోగానికి కావలసిన అర్హతలు. ఇవి మీకు మాకన్నా బాగా తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాము. ఐదో తరగతి వరకు చెప్పాలంటే రెండేండ్ల డి.ఎల్.ఎడ్. చదవాలి. బి.ఎడ్. ఉంటే చిన్న తరగతులకు కూడా చాలునని కొంతకాలం అనుకొన్నారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. కాబట్టి ఏ తరగతులకు చెప్పదలచుకొన్నారో ముందే తేల్చుకొని ఆ శిక్షణలో చేరండి. తరువాత తిరిగి మొదలుపెట్టటం డబ్బుకూ దండుగే, వయస్సుకూ దండుగే. 2009 విద్యాహక్కు చట్టం వచ్చిన తరువాత, 2010 నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పేవారికి టెట్ పరీక్ష తప్పనిసరి అయింది. నూటయాభై ప్రశ్నలు, అరవై శాతం మార్కులు. కొన్ని వర్గాలవారికి సడలింపు ఉంటుంది. మొదటి భాషగా తెలుగు తీసుకొనే వీలు ఉన్నదో లేదో నోటిఫికేషను స్వయంగా చదివి తెలుసుకోండి. ఎవరో చెప్పిన మాటమీద దరఖాస్తు నింపవద్దు. ఓడియా చదవటం, రాయటం శ్రద్ధగా నేర్చుకోండి. బడిలో రిజిస్టర్లు ఓడియాలోనే ఉంటవి, పై అధికారులతో మాట్లాడవలసిందీ ఓడియాలోనే. ఓడియా బాగా వచ్చిన తెలుగు పంతులు మాటకు కచేరీలో విలువ ఉంటుంది.

పరీక్ష ప్యాసయినంతమాత్రాన పంతులు కాడు. అది మా అనుభవం. మేము శిక్షణలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాళ్లం. మొదటిరోజు పాఠానికి పథకం రాసుకొన్నాము. రంగు సుద్దలు కొన్నాము. అట్టమీద ఆవు బొమ్మ వేసినాము. నలభై నిమిషాలకు సరిపడా తయారుచేసుకొన్న పాఠం పన్నెండు నిమిషాలకు అయిపోయింది. మిగిలిన ఇరవైయెనిమిది నిమిషాలు ఆవూ మేమూ పిల్లల వైపు చూస్తూ నిలబడినాము. పిల్లలు మమ్మల్ని చూసినారు. ఇది ప్రతి కొత్త పంతులుకూ జరుగుతుంది. కనుక ఒక పాఠం తయారుచేసుకొంటే రెండు కథలు, రెండు ఆటలు జేబులో వేసుకొని వెళ్లండి. ఈ తప్పు వారంలో దిద్దుకొంటుంది. మేము చేసిన రెండో తప్పు అంత తేలికగా దిద్దుకోలేదు.

రెండో నెలలో ఒకరోజు లెక్కలు దిద్దుతున్నాము. రెండో తరగతి పిల్లవాడొకడు పుస్తకం చూపించలేదు. ఏమిరా అంటే లేచి నిలబడి, "నాను ఖాతా తేనేదు మేష్టరూ" అన్నాడు. మాకు నవ్వు వచ్చింది. "ఖాతా ఏమిట్రా, బ్యాంకులో వేసినావా? నేను తేలేదు అనాలి. ఇదేమి తెలుగు?" అన్నాము. తరగతి అంతా గొల్లుమన్నది. పిల్లవాడు కూర్చున్నాడు. మేము మరచిపోయినాము.

అతను మరచిపోలేదు. మరునాటినుంచి ఏమి అడిగినా తల దించుకొనేవాడు. హాజరు పిలిస్తే చేయి ఎత్తేవాడు గాని నోరు విప్పేవాడు కాదు. మొండివాడనుకొన్నాము. మందబుద్ధి అని కూడా ఒకసారి అనుకొన్నాము. ఆ మాట ఈ సభలో చెప్పుకోవటానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉన్నది. రెండు నెలల తరువాత బడికి రావటం కూడా మానివేసినాడు. అప్పుడు సాయంకాలం వాళ్లింటికి వెళ్లినాము. తల్లి ఆకుకూరలు అమ్మే మనిషి. గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకొని, పీట వేసింది. కోపపడలేదు. "ఏటి సెప్పమంటారు బాబూ, మేష్టరికి నా మాట రాదు, నానెలా సదవను అంటన్నాడు" అన్నది.

మేష్టరికి నా మాట రాదు! మేము అతనికి తెలుగు రాదనుకొంటున్నాము. అతను మాకు రాదనుకొంటున్నాడు. నిజం అతనివైపే ఉన్నది. ఓడియాలో రాతపుస్తకాన్ని ఖాతా అంటారు. వీధిలో ఆడుకొనే పిల్లలందరూ అదే అంటారు. తల్లి మాటతో, వీధి మాటతో కలిపి అతను తప్పులేని వాక్యం చెప్పినాడు. ఎగతాళి చేసినవాళ్లం మేము. ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు.

మరునాడు నూరు పేజీల పుస్తకం ఒకటి కొన్నాము. తరగతిలో అందరి ఎదుటా ఆ పిల్లవాని దగ్గరకు వెళ్లి, "ఒరే నాయనా, మీ మాటలు మాకు రావు. ఇందులో రాసుకొంటాము. దీన్ని మీరేమంటారు?" అని అడిగినాము. అతను చాలాసేపు ఊరకున్నాడు. తరువాత చాలా మెల్లగా "ఖాతా" అన్నాడు. అది మొదటి మాటగా రాసుకొన్నాము. దాని పక్కన 'రాతపుస్తకం' అని రాసి అతనిచేతనే చదివించినాము. ఆనాటినుంచి రోజుకు ఒకటో రెండో మాటలు పిల్లలే తెచ్చేవారు. ఇంటి మాట ఒకవైపు, పుస్తకపు మాట ఒకవైపు రాసేవాళ్లం. ఇది తప్పు, అది ఒప్పు అనేవాళ్లం కాము. ఇది ఇంట్లో అంటాము, అది పుస్తకంలో ఉంటుంది, రెండూ మనవే అనేవాళ్లం. ఏడాది తిరిగేసరికి పిల్లలే ఒకరి రాత ఒకరు దిద్దుకోవటం మొదలుపెట్టినారు.

ఇందులో మేము కనిపెట్టినది ఏమీ లేదు. ఈ పాఠం మన జిల్లాలలోనే ఎప్పుడో పుట్టింది. పర్లాకిమిడిలో రాజావారి బడికి 1880లో పదిహేడేండ్ల యువకుడు ఒకాయన ముప్పై రూపాయల జీతంమీద పంతులుగా చేరినాడు. ఆయనే గిడుగు రామమూర్తి పంతులుగారు. తండ్రి చిన్నతనంలోనే పోయినారు. ఉద్యోగం చేస్తూనే స్వయంగా చదువుకొని పై పరీక్షలు ప్యాసయినారు. చుట్టుపక్కల కొండలలో సవరలు ఉన్నారు. వారికి చదువు చెప్పాలనుకొన్నారు. అయితే వారికి తెలుగు నేర్పటంతో ఆయన మొదలుపెట్టలేదు. తెలుగూ సవరా రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకొని తామే సవర నేర్చుకొన్నారు. దానికి చాలా ఏండ్లు పట్టింది. తరువాత సవరలో పుస్తకాలు రాసినారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, వారి భాషలోనే చదువు చెప్పించినారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయినవి.

వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మీకందరికీ తెలిసినదే. 1906 ప్రాంతంలో బడుల తనిఖీకి వచ్చిన యేట్సు దొర, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకాలలో తెలుగు మరొకటి ఎందుకున్నదని అడగటంతో ఆ ఆలోచన బలపడిందంటారు. మా ఉద్దేశంలో దాని వేరు ఇంకా లోతుగా సవరపల్లెల్లో ఉన్నది. పరాయి పిల్లవాని భాషను గౌరవించి నేర్చుకొన్న మనిషికి తన పిల్లవాని నోటి తెలుగును చిన్నచూపు చూడటం సాధ్యం కాలేదు. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీన మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాము. దండలు వేస్తున్నాము. ఆయన చేసిన పని మాత్రం బడిలోనే చేయవలసి ఉన్నది.

కొత్తగా చేరబోయే పిల్లలారా, పిల్లవాని మాట నేర్చుకోవటమంటే అర్థం ఏమిటో కొంచెం వివరంగా చెబుతాము.

చేరకముందే ఒక ఖాతా పెట్టుకోండి. చేరబోయే ఊరి సంతకు, నీళ్ల కుళాయి దగ్గరకు, దేవాలయానికి వెళ్లి నిలబడండి. పిల్లలు ఏ వస్తువును ఏమంటున్నారో వినండి, రాసుకోండి. వారం తిరిగేసరికి పేజీలు నిండుతవి.

ఓడియా అక్షరాలు ముందు నేర్చిన పిల్లవాడు తెలుగులో ఎక్కడ తడబడతాడో తెలుసుకొని ఉండండి. ఓడియాలో వట్టి గుండ్రని గీత 'ఠ' అక్షరం. తెలుగులో అది సున్న. కనుక వాడు 'అం' రాసినప్పుడు తికమకపడితే అది అజాగ్రత్త కాదు. ఓడియా రాతలో 'ఎ', 'ఏ' అని రెండు లేవు. 'ఒ', 'ఓ' అని రెండు లేవు. అందుకే 'మెడ' అని రాయవలసినచోట 'మేడ' అని రాస్తాడు. ఓడియాలో 'క' అనే అక్షరం పలుకుబడిలో ఇంచుమించు 'కొ' లాగా ఉంటుంది. అందుకే 'కల' అనే మాటను 'కొల' అని చదువుతాడు. వాడు తప్పు చేయటంలేదు, ఒక లిపిలో నేర్చిన తెలివిని మరొక లిపిలో వాడుకొంటున్నాడు. ఈ తేడా తెలిసిన పంతులు బెత్తం కోసం వెతకడు. బెత్తం చట్టవిరుద్ధం కూడా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టటాన్నే కాదు, మనస్సు నొచ్చుకొనేట్టు వేధించటాన్నీ నిషేధించింది. మేము ఆనాడు ఆ పిల్లవాణ్ణి కొట్టలేదు. నవ్వినాము, అంతే. అదీ దెబ్బే.

అక్షరమాల అంతా అయిన తరువాత మాటలు చెబుదామని కూర్చోవద్దు. 'ల, క, ప, వ, త' ఐదు అక్షరాలు వస్తే తల, వల, కల, పలక, కలప అనే మాటలు చదవవచ్చు. మొదటి వారంలోనే పిల్లవాడు ఒక మాట చదివి ఇంటికి వెళ్లి తల్లికి చెప్పాలి. ఆ తల్లి మరునాడు పక్కింటి తల్లికి చెబుతుంది. పది, నలభై లెక్క నిలబడేది అట్లానే.

రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పటం అలవాటు చేసుకోండి. చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవైమంది పిల్లల వరకు ఇద్దరే ఉపాధ్యాయులు. తరగతులు మాత్రం ఐదు. ఒక తరగతికి చెబుతున్నప్పుడు మరొక తరగతి చేతిలో ఏ పని ఉంటుందో ముందురోజు రాత్రే తేల్చుకోండి. ఆ రాత్రి పనిని ఎవరైనా తేలికగా మాట్లాడితే, చట్టంలో ఉపాధ్యాయునికి చెప్పిన వారానికి నలభైయైదు గంటల పనిలో పాఠానికి సిద్ధపడే సమయం కూడా కలిసి ఉన్నదని చెప్పండి. పాఠ్యపుస్తకాలు ఆలస్యమైతే చేతులు కట్టుకొని కూర్చోవద్దు. పిల్లలు చెప్పిన కథలనే పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. మా బడిలో ఒక ఏడాది తొలి మూడు నెలలు అదే వాచకం.

కొత్త తరగతులు మొదలయ్యే ముందు ఇంటింటికీ వెళ్లండి. సంతకం కోసమో జాబితా కోసమో కాక, పీట వేస్తే కూర్చోవటానికి వెళ్లండి. మేము ఆ ఆకుకూరల తల్లి ఇంటికి రెండు నెలలు ముందు వెళ్లి ఉంటే ఆ పిల్లవాని రెండు నెలలు పోయేవి కావు.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. మీ అమ్మాయిగాని అబ్బాయిగాని పంతులు పని చేస్తామంటే "ఏమి తక్కువైందని బతకలేక బడిపంతులు" అని సామెత చెప్పి నీరుకార్చవద్దు. ఆ సామెత మన నోట్లో ఉన్నన్నాళ్లు మన బడికి మంచి పంతులు రాడు. ఇంట్లో పిల్లలతో మీకు వచ్చిన తెలుగే మాట్లాడండి. మా తెలుగు మంచిది కాదేమో, పిల్లలకు చెడ్డ అలవాటవుతుందేమో అని కొందరు తల్లులు మాతో అన్నారు. అమ్మా, మీ తెలుగు మంచిదే. దానిని మంచిది కాదని మీకు నమ్మించినవాళ్లం మావంటి పంతుళ్లం. ఆ అప్పు తీర్చటానికే ఈ మాటలు చెబుతున్నాము.

ఆ పిల్లవాడు ఏమయినాడని మీలో కొందరికి అనిపించవచ్చు. ఐదో తరగతి ముగించుకొని వెళ్లినాడు. తరువాత వాళ్ల కుటుంబం ఊరు మారింది. ఎక్కడ ఉన్నాడో మాకు తెలియదు. అతను చెప్పిన మొదటి మాట ఉన్న ఖాతా మాత్రం మా వద్దనే ఉన్నది. ముప్పైయారేండ్లలో అట్లాంటివి తొమ్మిది అయినవి. ఇవాళ సంచీలో పెట్టుకొని వచ్చినాము. ఈ సంవత్సరం మన పిల్లలలో ఎవరు ముందుగా తెలుగు బడిలో చేరితే వారికి ఇవ్వవలసిందని కార్యదర్శిగారి చేతికి ఇస్తున్నాము. తొమ్మిదో ఖాతాలో చివరి పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నవి. అక్కడినుంచి మొదలుపెట్టండి.